ఖాళీ పడవ పక్కకు జరగాలె

మా సిరొంచ ఆకాశానికి
కంప్యూటర్ల మూడు రంగులు.
పచ్చ, పసుపు, ఎరుపు.
కల్లంల ఆరబోసిన మిరప లెక్క
ఏ జాగ ఏ రోజు ఏ రంగుకు తిరుగుతదో
పొద్దుగాల లేచి చూసుకోవాలె.

నేను ఎగరేసేది చిన్నది.
ఆరు రెక్కలు, కడుపు కింద తెల్ల డబ్బా,
డబ్బాల మంచు ముక్కల నడుమ మందు సీసలు.
నాలుగు వందల అడుగులు దాని ఇంటి కప్పు.
ఆ మీదంత పెద్దోళ్ల తొవ్వ.
కింద కరెంటు తీగలు, కొంగలు,
పెండ్లి బరాతుల పటాకులు,
ఎవ్వరినీ అనుమతి అడగని గద్ద.

గద్దకు నంబరు లేదు.
నా దానికుంది,
బర్రె చెవికి బిళ్ల కుట్టినట్టు.

దిగే జాగకు కావలి దుర్గం లస్మయ్య కాక.
ప్రాణహిత మీద వంతెన పడ్డనాడు
ఆయన పడవ ఒడ్డున బోర్ల పడ్డది.
ఇప్పుడు గీ సున్నం గీత లోపటికి
మేకలు రాకుండ చూస్తడు.
రెక్కలు తిరుగంగనే తువ్వాల నెత్తికి బిగించి
"దక్షిణం గుంజుతుంది బిడ్డా" అంటడు.
నా తెర మీద ఆ అంకె
తర్వాత వస్తది.

ఆ శ్రావణంల
అంకీసా అవతల వాగు రోడ్డును మింగింది.
చాప మీద పండిన పోరన్ని కట్లపాము కరిచింది.
నర్సు సువర్ణక్క ఫోన్ల ఎక్కువ మాట్లాడలే.
"పది సీసలు. జల్ది."

లేపిన.
మూడు కిలోమీటర్లు పోయిందో లేదో
రేడియోల మరాఠీ గొంతు: "థాంబా."
అహేరి దిక్కు హెలికాప్టర్ పోతుంది,
వరదల చిక్కిన ఊరికెల్లి ఎవరినో ఎత్తుకొని,
మబ్బుకు జడిసి, బాగ కిందికెల్లి.
ఆ పైలట్‌కు నాది కనబడదు.
ఆయన కంటికి అదొక నలుసు.
రెక్కకు తగిలితే మాత్రం నలుసు కాదు.

"నా డబ్బాల ఒక పోరని ఊపిరుంది సార్."
"మాహీత్ ఆహే," అన్నదా గొంతు,
కొంచెం ఆగి, మెత్తగ,
"థాంబా."

కాక వింటనే ఉన్నడు.
"నదిల గూడ గిదే.
నిండు పడవ ఎదురైతే
ఖాళీ పడవ పక్కకు జరగాలె.
గడ ఏసేటోనికి ఎంత కోపమొచ్చినా."
"నాది ఖాళీది కాదు కాకా!"
జవాబు చెప్పలే.
మేకను అదిలించిండు,
అక్కడ మేక లేకున్నా.

ముందుగాలనే గుర్తు పెట్టుకున్న
బడి మైదానంల దించిన.
తెర మీద బురద, గడ్డి, వాన చినుకులు.
ఎవరో హెడ్మాస్టరట, వద్దన్నా దగ్గరికొచ్చి
దాని మీద గొడుగు పట్టిండు.
కెమెరల ఆయన తడిసిన బూట్లే కనబడుతున్నయి.
అవి కదలలే.

పదకొండు నిమిషాలు.
మా రేకుల మీద వాన చప్పుడు
పెద్ద చప్పుడుల మునిగి, మళ్ల తేలింది.
దాంట్ల ఎవరున్నరో అప్పుడు తెల్వదు.
తర్వాత విన్న,
నొప్పులు పడుతున్న ఒకామె,
ఆమె చెయ్యి పట్టుకున్న ఆడిబిడ్డ.

"ఆతా జా," అన్నది రేడియో.
బూట్లు వెనుకకు జరిగినయి.

సీసలు చేరినయి.
పోరడు బతికిండు.
ఎడమ కన్రెప్ప చానా రోజులు వాలే ఉన్నది.
ఆ రెప్పల
నా పదకొండు నిమిషాలు ఉన్నయో లేవో
డాక్టర్ చెప్పలే.
నేను అడగలే.

ప్రతి ఎగురుడుకు ఒక ఫారం నింపాలె.
విమానం రకం దగ్గర
ముందే అచ్చేసి ఉంటది: మానవరహితం.
ఆ గడి కాడ నా పెన్ను ఇప్పటికీ ఒకసారి ఆగుతది.

ఆనాడు
ఆలస్యానికి కారణం అన్న గడిల
"నిండు పడవ ఎదురైంది" అని రాసిన.

వారం తర్వాత నాగపూర్ ఆఫీసుకెల్లి ఫోన్.
ఏ నది మీద, అని అడిగిండ్రు.