ఐదో గది

ఆటోనగర్, మే నెల. షట్టరు సగమే లేచింది.
మీరావలీ ముందు నా జేబు తడిమాడు,
అగ్గిపెట్టె తీసి రోడ్డవతలికి విసిరాడు.
"ఛార్జింగయ్యేది బుసకొడుద్దిరా. దానికి నిప్పు చూపించబాక."

విప్పేటప్పుడు నల్ల వైరు ముందు, ఎర్రది తర్వాత.
ఎందుకని అడిగితే
ఉంగరపు వేలు చూపించాడు:
ఉంగరం లేదు, దాని మేర కాలిన మచ్చ.

మూతలు తీసి హైడ్రోమీటరుతో పీల్చాను.
పన్నెండు అరవై. పన్నెండు అరవై. పన్నెండు యాభై. మళ్లీ అరవై.
ఐదో గదిలో బుడ్డి లేవనే లేదు.

"ఒక్కటేగా?" అన్నాడు ఆటో సాంబయ్య,
ఇంకా నాలుగు కిస్తీలున్నవాడు.
మీరావలీ జవాబివ్వలేదు.
ఆరోది చూడమన్నాడు.

ఆదివారం చొక్కా ఉతికి తీగమీద వేశాను.
నిన్నటిదాకా కనపడని చిల్లుల్లోంచి
బందరు కాలవ గాలి.