ల కింద బ వత్తు

గాంధీనగరం సందులో ప్రెస్సు. మెట్ల కింద నా కేసు.
ఏ అక్షరం ఏ గడిలో ఉందో
కళ్ళకంటే వేళ్ళకే బాగా తెలుసు.
పై వరసలో, ఎడం మూల గడి మాత్రం
ఎప్పుడూ దుమ్ము పట్టి ఉండేది:
ల కింద బ వత్తు.
నాలుగంటే నాలుగే సీసం ముక్కలు.
స్టూడియో వాళ్ళ ఆల్బం ప్రకటనకి ఒకటి,
గుల్బర్గా బస్సు వేళలకి ఒకటి.
మిగతా రెండూ నేను చేరిన నాటినుంచీ నిద్రలోనే.

డెబ్బై ఒకటిలో, పంద్రాగస్టు సెలవు వెళ్ళిన మర్నాటి రాత్రి
మేడమీదినుంచి కాగితం దిగింది:
డాలరుకీ బంగారానికీ తెగతెంపులు.
ఫోర్‌మన్ బుడే సాహెబ్ చదివి
"విడాకులకి కారణం రాయలేదేం?" అన్నాడు.
కారణం నాలుగో పేరాలో ఉంది,
ద్రవ్యోల్బణం.
అదే పేరాలో అయిదుసార్లు ఉంది.
అయిదోదానికి ముక్క లేదు.
స్టిక్కు చేత్తో పట్టుకునే
పక్కసందు శుభలేఖల ప్రెస్సుకి పరిగెత్తాను.
"పెళ్ళిళ్ళలో ఆ అక్షరంతో ఏం పని?
మా దగ్గరెందుకుంటుంది?" అన్నారు వాళ్ళు.

మాకు అక్షరాలు తలకిందులుగా కనపడతాయి.
అమెరికాని నేనలాగే చూశాను,
పునాది పైన, గోపురం కింద.
ఆ పెద్ద భవంతిలో దొంగలు పడ్డారనీ
దొంగలు ఇంటివాళ్ళేననీ
టేపులో పద్దెనిమిది నిమిషాలు ఖాళీ అనీ
రోజుకో కాలం పేర్చాను.
ఖాళీ పేర్చడం నాకు కొత్త కాదు.
మాటకీ మాటకీ మధ్య పెట్టే సీసం
అచ్చులో పడదు,
బరువు మాత్రం ఉంటుంది.

అరబ్బులు నూనె కట్టేసిన శీతాకాలం
బ్లాకు మీద కార్లు, బంకు ముందు, వంపు తిరిగి, కనుచూపు మేర.
ఆ పొద్దున్నే కొత్తపేటలో మా మార్తమ్మ
కిరసనాయిలు డబ్బాని వరసలో పెట్టి,
ఎవరూ జరపకుండా పైన ఇటుక పెట్టి,
పనికి పోయింది.
అక్కడ వరసలో మనుషులు కూర్చున్నారు.
ఇక్కడ మా బదులు ఇటుకలు నిలబడ్డాయి.

మరుసటేడు మేలో రైళ్ళు ఆగాయి.
బెజవాడ స్టేషను అంత నిశ్శబ్దంగా ఉండగలదని
అప్పుడే తెలిసింది.
కాగితం రీళ్ళు రాలేదు, పేజీలు తగ్గాయి.
జీతాలు మాత్రం మునుపటంతే.
కరువు భత్యం పెంచమని
పదకొండుగురం మేడెక్కాం.
ప్రొప్రైటరు వీరభద్రయ్యగారు
ఆనాటి పేపరు తీసి, వేలు పెట్టి చూపించారు:
"అమెరికావాడికే దిక్కులేదయ్యా దేవసహాయం,
నువ్వే కదా కంపోజు చేశావు?"

నేనే.
ఆ వాక్యంలో ఒక్క తప్పు లేదు,
ప్రూఫులు చలమాచారిగారు దిద్దారు.
నా చేత్తో పేర్చిన ఇటుకలే
గుమ్మానికి అడ్డంగా లేచాయి.
ఏం మాట్లాడాలో తెలియక మెట్లు దిగాం.
చివరి మెట్టు మీద బుడే సాహెబ్ అన్నాడు:
"తప్పు అచ్చేస్తే బావుండేది."

ఆగస్టులో అధ్యక్షుడు దిగిపోయాడు.
పెద్ద వార్తల కోసం దాచిన చెక్క అక్షరాలు తీశాం,
రా, జీ, నా, మా.
'జీ' గుడి చెదలు తింది.
సబ్బు ముక్క చెక్కి అతికించాం.
కొన్నాళ్ళకి అక్కడివాళ్ళు
ద్రవ్యోల్బణాన్ని కొరడాతో కొట్టమని
చొక్కాలకి బిళ్ళలు పెట్టుకున్నారట.
ఆ వార్త పేరుస్తుంటే
నాలుగో ముక్కకి వత్తు విరిగింది.
కొరడా తగిలిందేమో.

తెల్లవారుజామున నా అసలు పని.
ఫారం విప్పి, కిరసనాయిలుతో కడిగి
(ప్రెస్సుకి దొరికేది, ఇంటికి దొరకదు)
అమెరికాని అక్షరం అక్షరం విడగొట్టి
ఏ గడిది ఆ గడిలో వేస్తాను.
డాలరులోని 'డా'
సత్యనారాయణపురంలో డాబా అద్దెకి పోతుంది.
రాజీనామాలోని 'నా' మాత్రం చెక్క, సంచిలోకి.

విరిగిన ముక్కని పారెయ్యలేదు.
జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాను.
మార్తమ్మ చేతిలోకి తీసుకుని, తూచి చూసి
"ఎంతొస్తుంది?" అంది.