మసాజ్ బల్ల

ముప్ఫై తొమ్మిదేళ్ల మోకాలు,
నా అరచేతుల కింద ఇంకా వేడిగా.
ఫుల్వియోది.
ఆదివారం తొంభై నిమిషాలూ ఆడాడు.

నాకు ఇరవై తొమ్మిదికే అయిపోయింది.
కోశారు, కుట్టారు,
జానెడు మచ్చ ఇచ్చి పొమ్మన్నారు.
సోమవారం నుంచి ట్రియెస్టే రేవులో చేపల లారీ తోలాను.
అప్పట్లో సగం ఆటకి సిగరెట్టు వెలిగించేవాళ్లం,
ఎవరూ ఏమీ అనేవారు కాదు.

ఇతనికి మచ్చ లేదు.
దోమ కుట్టినట్టు రెండు చుక్కలు.
పాస్తా తూచి తింటాడు,
నిద్రకు చేతి గడియారం మార్కులేస్తుంది.
మంచునీళ్ల తొట్టిలో పళ్లు బిగబట్టి
ఒక్కో ఏడాదినీ గీచి గీచి బేరమాడతాడు.

"నీ కాలంలో ఇవన్నీ ఉండుంటే, నెవియో?"
నేను నూనె సీసా మూత తిప్పుతాను.

నా భయం ఒక్క మధ్యాహ్నంలో తీరిపోయింది.
ఇతనిది వాయిదాల బాకీ.
ఏడేళ్లుగా, మే నెల రాగానే
కొత్త కాంట్రాక్టు కబురు కోసం
ఫోను దిండు కింద పెట్టుకుంటాడు.

అతను వెళ్లాక తలుపు దగ్గర
ఎవరో పంతొమ్మిదేళ్ల కుర్రాడు,
మట్టి అంటని బూట్లు చంకలో.
"ఆయన మోకాలు ఎలా ఉంది?"
ఎంత మర్యాదగా అడిగాడో!

బయట బోరా గాలి కిటికీని కుదుపుతోంది.
"నాదే, బాబూ," అన్నాను,
"ఇవాళ కాస్త సలుపుతోంది."