బొంగరం

మూడో అంతస్తు, రెండు గదులు.
దాంట్ల ఒక కుక్క.
కుక్క అంటె కుక్క కాదు,
తాడు ఇడిసిన బొంగరం.
అదే పేరు పెట్టినం.

వచ్చిన నెల్ల ఏమేం తిన్నదో చెప్త:
నా ఎడమ చెప్పు
(కుడిది ముట్టలే, దాని లెక్క దానిది),
కరెంటు బిల్లు, కుర్చీ కోడు,
రిటైరైన దినం డిపోల కప్పిన శాలువ.
శాలువ పోయినందుకు
నిజం చెప్పాలంటె అంత బాధ కాలే.

కింది ఇంటి సత్యవతి మేడం మెట్లెక్కి వచ్చింది.
"మా నెత్తి మీద గుర్రాలు ఉరుకుతున్నయి, భీమయ్యగారూ."
ఒక్కటే గుర్రమమ్మా, అన్న.

ముప్పై రెండేండ్లు బస్సు నడిపినోన్ని,
కుక్కను నడపలేనా అనుకున్న.
పొద్దుగాల అయిదింటికి అడిక్‌మెట్ ఇడిసి
యూనివర్సిటీ రోడ్ల మీద పడుడే.
అలిసిపోతె పండుకుంటది, ఇది నా లెక్క.
మొదటి వారం రెండు కిలోమీటర్లు,
తర్వాత నాలుగు, ఆ తర్వాత లెక్క ఇడిసిన.
నెల తిరిగేసరికి
అది పందెంల ఉరికే కుక్కయింది,
నేను మోకాళ్లకు బామ్ రాసుకునేటోన్ని అయిన.
ఇంటికొచ్చి నేను ఒరిగితె
అది మంచం మీదికెల్లి కిటికీకి,
కిటికీ కాడికెల్లి నా పొట్ట మీదికి.

"ఉరికిస్తె ఉరుకుడే నేరుస్తది, తాతా"
ఎదురింటి నౌషీన్ అన్నది, పదో తరగతి పిల్ల.
"దాని ముక్కుకు పని చెప్పు."

పాత తువ్వాల అడిగి తీసుకున్నది,
మడతమడతకు ఎండబెట్టిన కార్జం ముక్క పెట్టి
చుట్ట చుట్టి దాని ముందట పడేసింది.
పీకుడు లేదు, గుంజుడు లేదు.
చాటల బియ్యంల రాళ్లు ఏరుతున్న మనిషి లెక్క
ఒక్కొక్క మడత ముక్కుతోని ఇప్పుకుంట పోయింది.
ఇంట్ల ఊపిరి చప్పుడు ఒక్కటే.
పావుగంటకు నాలుక బయట పెట్టి
చల్లటి బండల మీద కూలబడ్డది.

పాత ట్యూబు ముక్క ఒకటి కోసుకొచ్చిన.
అది ఒక దిక్కు, నేనొక దిక్కు.
"ఇడువు" అంటె ఇడవాలె.
ఇడిసినంక మళ్ల దాని నోటికే ఇయ్యాలె.
గుంజుకొని దాసిపెడితె
అది ఆట కాదు, దోపిడి.
ఈ ముచ్చట నాకు తెలిసేటందుకు
అరవై ఏండ్లు పట్టింది.

తాడు గుంజితె ఆగుడు.
తాడు వదులైతె నడుసుడు.
మొదటి దినం మా గల్లీ దాటనీకె నలభై నిమిషాలు.
"ఏం భీమన్నా, బండి బ్రేక్‌డౌనా?"
చాయ్ బండి కొమురెల్లి నవ్విండు.
సిగ్నల్ పడ్డది, అన్న.

ఒకనాడు పొదలకెల్లి నెమలి బయటపడ్డది.
అంతే.
రెండు నెలల చదువు గాలికి,
నా మోచెయ్యి తారు రోడ్డుకు.
నెమలి గోడెక్కి మా ఇద్దరిని తీరుబాటుగ చూసింది.

అనసూయ మందు పూసుకుంట
కుక్కను తిట్టలే.
"నువ్వు రిటైరైన కొత్తల ఇంట్ల ఎట్ల తిరిగినవో యాదికున్నదా?" అన్నది.
నేను సప్పుడు చెయ్యలే.
ఆమె సదిరిన డబ్బాలనే
దినాం మళ్ల సదురుతుంటి.
నిద్రల కుడికాలుతోని మంచంకోడును తన్నుతుంటి,
ఏ మలుపు కాడ, ఎవర్ని తప్పియ్యనీకెనో.

మాపటీలి వాన ఎలిసినంక
విద్యానగర్ చౌరస్తాల నిలబడ్డం.
బస్సొకటి మూల తిరుగుతున్నది, జర వేగంగనే.
నేనేం అనలే.
"ఆగు" అనలే, "కూసో" అనలే.
నా కుడికాలు ఒక్కటి
దానంతటదే నేలను తొక్కింది.

బొంగరం నా కాలుదిక్కు చూసింది.
టక్కున కూసున్నది.

ఇన్నొద్దులు
నా నోటితోని నేర్పుతున్న అనుకున్న.

బస్సు పోయింది, బురద మా ఇద్దరి మీద పడ్డది.
మెల్లగ కాలు లేపిన.
అది లేసింది.