లేని మంగళవారం

భోజనాల గది తలుపు మీద
చీఫ్ మేటు ఒక కాగితం అతికించాడు:
సోమవారం తర్వాత బుధవారం. గడియారాలు ముట్టుకోవద్దు.
కింద సంతకం, దాని పక్కన కాఫీ మరక.

ఎవరికీ పట్టలేదు.
తొమ్మిది వారాలుగా నీళ్ళ మీదున్నవాళ్ళకి
వారం పేరు వంటను బట్టి తెలుస్తుంది.
చేప వేయిస్తే శుక్రవారం.
ఒఫేలియా చివరి క్యాబేజీని పసిపిల్లలా ఎత్తుకొచ్చి
ఆకు ఆకూ లెక్కపెడుతుంటే
రేవు ఇంకా దూరమని.

ఇయోతెబా ఒక్కడే కాగితం రెండుసార్లు చదివాడు.
ఇంజనుకి ఆయిలు పోసే మనిషి,
చెవుల్లో ముప్ఫయ్యేళ్ళ చప్పుడు గూడుకట్టి
మెల్లిగా మాట్లాడటం మరచిపోయాడు.
"మంగళవారం నా పుట్టినరోజు!" అని అరిచాడు,
అతని లెక్కలో అది గుసగుస.
"అరవై నిండాలి. ఇప్పుడేం చెయ్యను?"
"యాభై తొమ్మిదిలోనే ఉండు," అన్నాడు సరంగు సెఫనాయా,
"జీతమూ అంతే ఉంటుంది."

సోమవారం రాత్రి పదిన్నరకి సీసాల చట్రం దింపాం.
ఇరవైనాలుగు బూడిదరంగు సీసాలు, నోళ్ళు తెరుచుకుని.
వించి మీటల దగ్గర నేను.
నిమిషానికి అరవై మీటర్లు.
తీగ ఎంత పోయిందో అంకెల్లో చూస్తాను,
ఎంత బరువు లాగుతోందో కూర్చున్న కుర్చీ చెబుతుంది.
వెయ్యి. రెండువేలు. సెఫనాయాకి మూడో టీ.
నాలుగువేలు దాటాక ఎవరూ జోకులెయ్యరు.

అడుగుకి పదిమీటర్లుండగా ఆపాం.
భోజనాల గది గడియారంలో అర్ధరాత్రి.
సోమవారం తలుపేసుకుంది, బుధవారం తలుపు తీసింది,
మధ్యలో గడప లేదు.

ల్యాబులో ఇంకో గడియారం ఉంది,
గ్రీనిచ్ తప్ప వేరే దేవుణ్ణి ఎరగనిది.
అందులో మిట్టమధ్యాహ్నం. మంగళవారం.

ముందు చూసింది ఇంగున్.
ఉప్పు శాతాలు రాసే పిల్ల, రోజుకి పది మాటలు దాటదు.
లాగ్‌బుక్కు నా ముందుకు తోసి వేలు పెట్టి చూపించింది:
మొదటి సీసా, అయిదువేల నూటపది మీటర్లు,
మంగళవారం, పన్నెండు గంటల రెండు నిమిషాలు.

పైకి రావడానికి రెండుగంటల పైనే పట్టింది.
నమూనాలన్నీ నింపుకున్నాక
మొదటి సీసాలో గ్లాసుడు నీళ్ళు మిగిలాయి.
మామూలుగా డెక్కు మీద పారబోస్తాం.
ఇంగున్ వాటిని పట్టుకుని ఇంజను గదికి దిగింది,
వెనక మేం, ఆ ఇనప మెట్లకి సరిపోనంతమంది.

ఇయోతెబా గ్లాసు చెంపకి ఆనించుకున్నాడు.
అంత ఉక్కలోనూ నీళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయి.
వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని
ముఖం చిట్లించాడు.
"ఈ గీతని మా దేశంవాళ్ళు ఒకసారి జరిపారు, తెలుసా,
మాకు అడ్డంగా ఉందని!
నన్నడిగుంటే ఇంకొంచెం జరిపేవాణ్ణి."
తర్వాత ఏం చెయ్యాలో తోచక
మిగతా నీళ్ళు నెత్తిన పోసుకున్నాడు.

ఉదయానికి అతని జుట్టులో ఉప్పు ఎండి
నిజంగా అరవై ఏళ్ళవాడిలా ఉన్నాడు.
నేను వించికి గ్రీజు పెడుతున్నాను,
తరువాతి స్టేషనుకి ఇంకా ఆరుగంటలు.
వంటగదిలోంచి వాసన.
బుధవారం పూట ఒఫేలియా
చేప వేయిస్తోంది.