బాణలి చుట్టరికం

అనంతపురంలో, గడియారం స్తంభం వెనక సందులో
కోడి కూసేలోపే కాశింబీ పొయ్యి రాజేస్తుంది.
నానిన బొరుగుల మీద పుట్నాలపొడి చల్లుతుంది.
బాణలిలో మిరపకాయ బజ్జీ
పొర్లుతా పొర్లుతా రంగు తిరుగుతుంది.
నిన్నటి నూనె మీదే ఈ పొద్దుటి నూనె.
పారబొయ్యడానికి అదేమన్నా కుంటనీళ్లా?

ఆమె వేళ్ల కణుపులు
ఉడకేసిన చెనిక్కాయల్లా ఉబ్బినాయి.
పిడికిలి మూసుకోదు.
అరచేత్తోనే పిండి కలుపుతుంది.

నేను పెద్దాసుపత్రి ల్యాబులో పనిచేస్తా.
కీళ్లవాపు మనుషులు ఇరవై ముగ్గురు,
రోజుకు రెండు చెంచాల అవిసెగింజల పొడి, తొమ్మిది వారాలు,
ముందొక గొట్టం నెత్తురు, వెనకొక గొట్టం.
సూది పట్టుకుంటే కాశింబీ అనింది:
"కొలిచి తీయి తల్లీ, అది కూడా నూనె మాదిరే,
ఊరికే రాదు."

గొట్టం గిర్రున తిరిగి నిలుస్తుంది.
ఎర్రది అడుక్కి, పసుపుది పైకి,
నడుమ వెన్నతరకంత తెల్లటి పొర.
ఒంటికి కావలి కాసేవాళ్లంతా అందులోనే.
ఒక్కో కణానికీ ఒక గోడ.
మట్టిది కాదు, కడపరాతిది కాదు,
తిన్న నూనెతో కట్టుకున్నది.

ఆ గోడలోంచి ఒక చుక్క విడివడి
లోపలికి, ఇంకా లోపలికి,
కేంద్రకం గడప దాకా నడుస్తుంది.
అక్కడ నాలుగే నాలుగు అక్షరాలతో రాసిన
పాత దస్తరం చుట్టచుట్టి ఉంటుంది.
చుక్క ఒక్క అక్షరాన్నీ మార్చదు.
అంత చదువు దానికి లేదు.
ఏ పుట విప్పాలో ఏది మడవాలో
చెవిలో చెప్పి తప్పుకుంటుంది.

అవిసెచుక్కయితే, "దొంగ పోయినాడు, పడుకోండి" అంటుందంట.
మాడిన నూనెచుక్కయితే "మంట! మంట!" అని కేక.
కావలోళ్లు లేచి
మంటలేని కీలు మీదికి కట్టెలెత్తుకొని పోతారంట.

"అంట" అనే రాస్తున్నా.
పుస్తకం "అవును" అన్నచోట
మా మిషను "ఏమో" అంటుంది.

పోల్చడానికి జబ్బులేని నెత్తురు కావాలన్నారు.
గాజులు పైకి తోసి నాదే ఇచ్చినా.
కొవ్వుల లెక్క వచ్చిన సాయంత్రం
రెండు కాగితాలు పక్కపక్కన పరిస్తే
అవే గుట్టలు, అవే పల్లాలు.
పేర్లు మూస్తే అక్కాచెల్లెళ్లవి అనుకోవాల.

కొంచెంసేపు కుర్చీలో అట్లే కూర్చుండిపోయినా.
పదకొండేళ్లుగా నా పొద్దులన్నీ ఆమె బాణలి దగ్గరే.
నా తెల్లకణాలు గోడలెత్తింది ఆమె కాచిన నూనెతోనే.
ఆమె పీర్లచావిడి పక్క, నేను బోయగేరి.
పెండ్లిపత్రికల్లో కలవని ఇంటిపేర్లు
బాణలిలో ఎప్పుడో కలిసిపోయినాయి.
నా వేళ్లు మడిచి చూసుకున్నా.
మడుస్తాయి.
ఇంకా మడుస్తాయి.

తొమ్మిదో వారం అడిగినా:
"వాపు తగ్గిందా?"
"రొంత తగ్గినట్టే ఉండాది. తగ్గనట్టూ ఉండాది."
"పొడి తప్పకుండా తింటివా?"
"సగం తింటి. సగం మనమరాలు రజియా తినె.
రాగిముద్దలో అద్దుకుంటే శానా బాగుందంట."

ఆ సంగతి రాయడానికి ఫారంలో గడి లేదు.
అంచున పెన్సిలుతో రాస్తే
పెద్దసారు ఆ నంబరే కొట్టేసినాడు.
ఇరవై రెండుతో లెక్క తేలింది,
తేలిందంటే, రెండు మూడు పుటలు
కొంచెం మడిచినట్టు కనిపించింది.

మరుసటి పొద్దున పొయ్యి దగ్గరికి పోతే
బాణలి తోమి తెల్లగా ఉండాది.
కాశింబీ కొత్త పాకెట్టు పళ్లతో చింపి
మొత్తం ఒకేసారి పోసింది.
"నీ కాగితంలో రాసుకో" అనింది,
"నీ కోసమని పోసింది కాదు.
పాతది పిల్లి తన్నేసింది."

నూనె ఇంకా కాగలా.
అందులో పొద్దు వెలుగు అడుగుదాకా కనపడుతుంది.
ఇద్దరమూ చూస్తా నిలబడినాం.