జేబుల్లో చేతులు

"ముందు చేతులు జేబుల్లో పెట్టుకో" అంది హెల్వె.
మొదటి పాఠం అంతే.
సారెమా దీవిలో మార్చి మంచు
మధ్యాహ్నానికల్లా నీరైపోతుంది,
ఏ సాక్షికీ లేనంత తొందర దానికి.

పడవల కొట్టం గుమ్మంలో ఒక బూటు అచ్చు.
దానిమీద చేపల తొట్టి బోర్లించి
గడియారం చూసి రాసుకుంది: తొమ్మిదీ పది.
"పోయినవాడి పేరు తర్వాత.
తలుపు తీసుందా, వేసుందా? దీపం?
పొయ్యి ముట్టుకోకు,
దగ్గర చెయ్యి పెట్టి చూడు, సెగ ఉందేమో."

పొరుగింటి లెయ్డా అప్పటికే
బల్లమీది రెండు కప్పులూ ఏడుస్తూ కడిగేసింది,
పిల్లలొచ్చేసరికి శుభ్రంగా ఉండాలని.
హెల్వె కసరలేదు.
"ఏ కప్పులో ఎంత మిగిలిందమ్మా?"
అని మాత్రం అడిగింది, రెండుసార్లు.

అచ్చులో పోసిన జిప్సం గట్టిపడ్డాక
తిరగేసి చూస్తే
మడమ దగ్గర అడ్డంగా అరిగిన గీత.
నా బూటే.
పొద్దున్నే కంగారులో నేనే తొక్కాను.

నోరెండిపోయింది నాకు.
ఆమె పెన్ను చేతికిచ్చింది.
"రాయి. నీ పేరు, బూటు కొలత, వేళ.
తప్పు అని రాయకు,
ఏం జరిగిందో అది రాయి."

రాస్తున్నాను.
బయట చూరు నీళ్లు
చుక్క చుక్కగా
ఇంకెవరి అడుగునో చెరిపేస్తున్నాయి.